పిచ్చుకకు వినిపించని పాట

ఆమెకు పిచ్చుక అనే పేరు పదిహేనో ఏట వచ్చింది. రేడియోలో కొత్త పాటలు వినిపించే ఆయన, పాడిందెవరో చెప్పబోయేసరికి పేరు రాసుకున్న కాగితం కనబడక, నోటికి తోచినట్టు "మన పిచ్చుక పాడింది" అనేశాడు. ఆ పేరు జిగురులా అంటుకుపోయింది. నలభై ఎనిమిదేళ్లొచ్చి, మోకాళ్ల నొప్పులు మొదలై, మందు సీసా మీది అక్షరాలకు కళ్లద్దాలు పెట్టుకోవాల్సివచ్చినప్పుడు కూడా లోకానికి ఆమె పిచ్చుకే.

వాళ్లమ్మ బట్టలుతికే కార్ఖానాలో పనిచేసేది. ఆసుపత్రుల దుప్పట్లూ హోటళ్ల తువ్వాళ్లూ మూటలు మూటలుగా అక్కడికి వచ్చేవి. బడి వదలగానే అక్కాచెల్లెళ్లిద్దరూ అక్కడికే చేరి ఆ మూటల మీద కూర్చునేవారు. యంత్రాల రొదలో అమ్మకు ఒక్క మాట వినిపించాలంటే చెవి కోసిన మేకల్లా అరవాలి. చెల్లెలు అరిచేది. అక్క మాత్రం పాడేది. అరుపు ఆ రొదలో మునిగిపోతుందనీ, పాట దాని మీద తేలుతుందనీ ఎవరూ చెప్పకుండానే కనిపెట్టింది. ఆకలేస్తోందన్నా పాటే, చెల్లి జుట్టు లాగిందన్నా పాటే. ఇస్త్రీ చేసే ఆడవాళ్లు నవ్వీ నవ్వీ, పని తగ్గినప్పుడు కావాలని అడిగి పాడించుకునేవారు.

దుప్పట్లు తీసుకెళ్లే వ్యాను డ్రైవరుకు ఒక తమ్ముడున్నాడు. స్టూడియోల్లో కీబోర్డు వాయిస్తాడు. ఇరవై రెండేళ్లకే తల ముగ్గుబుట్టయిపోవడంతో అందరూ అతన్ని "తాత" అనేవారు. ఒకరోజు అన్నకు టిఫిన్ డబ్బా ఇవ్వడానికొచ్చి ఆ గొంతు విన్నాడు. వారం తిరక్కుండానే వాళ్లమ్మను ఒప్పించి, తాను పనిచేసే సంగీత దర్శకుడి దగ్గరకు ఆ పిల్లను తీసుకెళ్లాడు. ఆయన్ని అందరూ మాస్టారు అనేవారు.

స్టూడియో అంటే ఒక ఫర్నిచర్ దుకాణం మీది రెండు గదులు. గోడలకు కోడిగుడ్ల అట్టలు అతికించి ఉన్నాయి. పాత తివాచీ వాసన. మైకు కిందికి దిగకపోతే, ఆ పిల్ల కాళ్ల కింద రెండు టెలిఫోన్ డైరెక్టరీలు వేశారు. పదకొండేళ్ల చెల్లెలు మంచినీళ్ల సీసా పట్టుకుని ఒక మూల నిలబడింది. తుమ్మినా దగ్గినా బయటికి పంపేస్తామని తాత ముందే చెప్పాడు.

పాట బస్సు తప్పిపోయిన ఒక అమ్మాయిది. "ఆగవే బస్సూ, ఆగవే" అని మొదలవుతుంది. చివరి చరణానికి ముందు వయొలిన్ ఒకటి మెట్లు మెట్లుగా పైకెక్కి, అక్కడే నిలబడిపోవాలి. ఆ రోజు వయొలిన్ ఆయన రాలేదు. విసుగెత్తిపోయిన మాస్టారు, "ఆ ముక్క నువ్వే పాడు చూద్దాం" అన్నాడు, సగం వేళాకోళంగా. ఆ పిల్ల "ఆగవే" లోని "వే" పట్టుకుని ఎక్కింది. ఎక్కి, తొమ్మిది లెక్కపెట్టేంతసేపు అక్కడే నిలిచింది. గొంతు వణకలేదు. అద్దం అవతల రికార్డింగు ఇంజినీరు చెవులమీంచి హెడ్‌ఫోన్లు తీసి, వాటిలోంచే వచ్చిందా ఆ శబ్దం అన్నట్టు వాటి వంక చూశాడు. మళ్లీ పాడించలేదు.

ఆరు నెలలకు ఆ పాట వినిపించని సందు లేకుండా పోయింది. బస్సు డ్రైవర్లు ఆమెను చూసి స్టాపు కాని చోట కూడా ఆపేవారు. పదో తరగతి పరీక్షలకు ముందే చదువు అటకెక్కింది. టీచరు ఇంటికొచ్చి, రెండేళ్లలో ఈ మోజు తీరిపోతుందనీ, పిల్లకు చదువే దిక్కనీ వాళ్లమ్మకు నచ్చజెప్పింది. టీచరు అన్నది నిజమే అయింది. రెండేళ్లకు మోజు తీరింది. కానీ అప్పటికి ఆ పిల్లకు ఇంకేదీ రాదు.

ఆ తర్వాతి ముప్పై ఏళ్లూ ఆమె కాలికి బలపం కట్టుకుని తిరిగింది. మంచి రోజులున్నాయి, ఈగలు తోలుకున్న రోజులున్నాయి. వేరే పాటలు నూటికి పైగా పాడింది. వాటిలో రెండు మూడు నిజంగా మంచివి. అయినా ఏ వేదికెక్కినా రెండో పాటకే కిందనుంచి "బస్సు, బస్సు" అని మొదలయ్యేది. ఇరవయ్యేడో ఏట ఒక పళ్ల డాక్టరును పెళ్లి చేసుకుంది. మంచివాడే. నాలుగేళ్లలో ఇద్దరూ కలిసి ఇంట్లో ఉన్న రోజులు ఒకసారి లెక్కేసుకుని, గొడవేమీ పడకుండానే విడిపోయారు. చెల్లెలు బట్టలు కుట్టడం నేర్చుకుంది. అక్క వేసుకునే ప్రతి మెరుపుల గౌనూ ఆమె చేతి కుట్టే. తెర పక్కన మంచినీళ్ల సీసాతో నిలబడే పని మాత్రం పదకొండేళ్లప్పుడు ఎక్కడ మొదలుపెట్టిందో అక్కడే ఉంది. ఆమె భర్త బడిలో డ్రాయింగు మాస్టారు. తన భార్యకు ఇద్దరు భర్తలనీ, అందులో తాను రెండోవాణ్ణనీ నవ్వుతూ చెప్పేవాడు.

వేదిక మీద పాడేవాళ్ల కాళ్ల దగ్గర చిన్న స్పీకర్లు పెడతారు, వాళ్ల గొంతు వాళ్లకు వినబడేందుకు. పిచ్చుకకు ఆ శబ్దం ఎప్పుడూ చాలేది కాదు. పాటకూ పాటకూ మధ్య బొటనవేలు పైకెత్తి, ఇంకొంచెం పెంచమని సౌండువాళ్లకు సైగ చేసేది. వాళ్లు పెంచేవాళ్లు. చెవులు చిల్లులు పడతాయని చెల్లెలు గొణిగితే అక్క పెడచెవిన పెట్టేది.

నలభై నాలుగో ఏట ముందుగా కాలింగ్ బెల్లు పోయింది. బెల్లు చెడిపోయిందనుకుని పిచ్చుక ఎలక్ట్రీషియన్ను పిలిపించింది. అతను వచ్చి, బయట నిలబడి పదిసార్లు నొక్కి, తలుపు తీయకపోతే వెళ్లిపోయాడు. రాలేదేమని ఫోన్లో అతన్ని దులిపేసింది. ఆ సంగతి చెప్పుకుని చెల్లెలింట్లో అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నారు. ఆ తర్వాత ఫోను మోగడం, కుళాయి కారడం, చిన్నపిల్లల మాటలు. సన్నటి శబ్దాలన్నీ ఒక్కొక్కటే చెప్పాపెట్టకుండా వెళ్లిపోయాయి.

పాటలో తేడాను ముందు పట్టుకున్నది తాత. పై స్వరం దగ్గర ఆమె గొంతు వెంట్రుకవాసి కిందికి జారుతోంది. జారుతున్నట్టు ఆమెకు తెలియడం లేదు. అతను కీబోర్డులో కోరస్ గొంతులు కొన్ని కలిపి, ఆ చోట వాటితో ఆమె గొంతును కప్పడం మొదలుపెట్టాడు. మూడు కార్యక్రమాల తర్వాత చెల్లెల్ని పక్కకు పిలిచి, అక్కను డాక్టరుకు చూపించమన్నాడు. ఎందుకని ఆమె అడగలేదు. ఆమెకూ తెలుసు. ఇద్దరూ తేలు కుట్టిన దొంగల్లా ఒకరి మొహం ఒకరు చూసుకోలేక, వానలు ఆలస్యమయ్యాయని మాట్లాడుకున్నారు.

చెవుల ఆసుపత్రిలో పరీక్ష చేసే గది స్టూడియోలాగే ఉంది. చిన్న అద్దాల పెట్టె, గోడలకు మెత్తటి అట్టలు, తలకు హెడ్‌ఫోన్లు. చేతికి ఒక మీట ఇచ్చి, ఏ చిన్న శబ్దం వినిపించినా నొక్కమన్నారు. పిచ్చుక అలవాటైన చోటికి వచ్చినట్టు నిటారుగా కూర్చుంది. అద్దం ఇవతల పరీక్ష చేసే ఆమె మీటలు తిప్పుతూ, కాగితం మీద ఒక్కొక్క గుర్తే పెడుతోంది. చెల్లెలు ఆమె వెనకే నిలబడి చూస్తోంది. గుర్తులు పది దాటాయి. లోపల అక్క మీట మీద వేలు సిద్ధంగా పెట్టుకుని, మర్యాదగా నవ్వుతూ ఎదురుచూస్తోంది.

కాసేపటికి ఒక చెవి మీంచి హెడ్‌ఫోను జరిపి, "మొదలుపెట్టండమ్మా, నేను రెడీగానే ఉన్నాను" అంది.

పరీక్ష చేసే ఆమె తిరిగి చెల్లెలి మొహం చూసింది. చెల్లెలు నేల చూసింది.

చెవుల డాక్టరమ్మ నెమ్మదిగా, పెదాలు కనబడేలా మాట్లాడింది. పోయింది నరమనీ, పోయింది తిరిగి రాదనీ, ఉన్నదైనా మిగలాలంటే పెద్ద శబ్దాలకు దూరంగా ఉండాలనీ చెప్పింది. మీరేం పని చేస్తారని అడగలేదు. కాలేజీలో చదివే రోజుల్లో బస్సు పాటకు డాన్సు చేశానని చెప్పబోయి, మధ్యలోనే ఆగిపోయి కాగితాలు సర్దుకుంది.

చెవిలో పెట్టుకునే మిషన్లు వచ్చాయి. వాటితో మాటలు కొంత తెలిసేవి. సంగీతం మాత్రం రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టుండేది. వేదికెక్కే ముందు పిచ్చుక వాటిని తీసి చెల్లెలి చేతిలో పెట్టేది.

పాడటం మానేద్దామా అన్న మాట ఇంట్లో ఒక్కసారే వచ్చింది. అన్నది చెల్లెలు. మానేస్తే పొద్దున లేచి ఏం చేయాలో చెప్పమంది పిచ్చుక. కోపంగా అడగలేదు. నిజంగా తెలియక అడిగింది.

కాబట్టి సైగలు నేర్చుకున్నారు. ముగ్గురూ తాత ఇంట్లో కూర్చుని నెల రోజులు సాధన చేశారు. గొంతు కిందికి జారితే తెర పక్కనుంచి చెల్లెలు అరచెయ్యి పైకెత్తాలి. పైకి పోతే దించాలి. సరిగ్గా ఉంటే గుండె మీద చెయ్యి పెట్టుకోవాలి. చెల్లెలికి సంగీతం రాదు. ఒళ్లంతా చెవులు చేసుకుని వినేది. మొదట్లో ఆమె చెయ్యి లేచేలోపే పాట ముందుకెళ్లిపోయేది. పోనుపోను కుదిరింది. ఏడాదిన్నర పాటు జనానికి ఏమీ తెలియలేదు. పిచ్చుక ఎప్పుడూ ఎడమవైపే చూస్తూ పాడుతుందేమని ఒక పత్రికలో రాశారు, అదొక స్టైలనుకుని. కానీ ఇంటికొచ్చాక అక్క భోజనం దగ్గర అలాగే చెల్లెలి చేతుల వంకే చూసేది. ఆ చేతుల్ని ఎక్కడ దాచుకోవాలో చెల్లెలికి తెలిసేది కాదు.

ఆమె పాడటం మొదలుపెట్టి ముప్పై మూడేళ్లయిందని పెద్ద హాల్లో కార్యక్రమం పెట్టారు. అక్కడి లైట్లు వాళ్లకు అలవాటైనవి కావు. బస్సు పాట మొదలయ్యాక పక్కనుంచి తెల్లటి వెలుతురు ఒకటి నేరుగా పిచ్చుక కళ్లలో కొట్టింది. తెర పక్కన చెల్లెలు చీకట్లో కలిసిపోయింది. చెల్లెలు చెయ్యి ఎత్తింది, ఇంకా ఎత్తింది, మునివేళ్ల మీద నిలబడి రెండు చేతులూ ఎత్తింది. అక్క ఆ వెలుతురులోకే చూస్తూ, వాద్యాలది ఒక దారి తనది ఒక దారిగా పాడుకుపోయింది. తాత తన శ్రుతి మార్చి ఆమెను అందుకోబోయాడు. ఆమె ఇంకో చోటికి జారింది.

ముందు వరసల్లోవాళ్లు ఒకరిద్దరు తలలు దించుకున్నారు. తర్వాత ఎవరో గొంతెత్తి ఆ పాట అందుకున్నారు. పక్కవాళ్లు కలిశారు. చూస్తుండగానే హాలు హాలంతా పాడింది. రెండు వేల మంది కలిసి ఆమె గొంతును దుప్పటిలా కప్పేశారు. పిచ్చుకకు వాళ్ల నోళ్లు కదలడం కనిపించింది. తన మీది ప్రేమకొద్దీ పాడుతున్నారనుకుని కళ్లనీళ్లు పెట్టుకుని మైకు వాళ్లవైపు చాపింది. అది ప్రేమ కాదని చెప్పలేం. కానీ వాళ్లెందుకు పాడారో వారం రోజుల తర్వాత ఎవరో పంపిన వీడియో కింద జనం రాసినవి చదివి తెలుసుకుంది. ఆ వీడియో ఆమె వినలేదు. వినలేదు కాబట్టి మూడుసార్లు చూసింది.

ఆ తర్వాత పాడమని ఎవరూ పిలవలేదు. కనబడమని పిలిచారు. పాత రికార్డింగు తాము వేస్తామనీ, ఆమె పెదాలు కదిపితే చాలనీ, జనానికి పిచ్చుకను చూడటమే పండగనీ అన్నారు. మొదటిసారి పిచ్చుక కాదంది. రెండోసారీ కాదంది. మూడోసారి, ఇంట్లో రెండు నెలలు గోడలు చూస్తూ కూర్చున్నాక, సరేనంది. తాత మాత్రం రాలేనన్నాడు. "అందులో నేను వాయించేది ఏముందమ్మా" అన్నాడు. ఆ మాట ఆమెకు వినిపించలేదు గానీ, అతని పెదాలను చదవడం ఆమెకు అప్పటికే బాగా వచ్చు.

పదిహేనేళ్ల పిల్ల గొంతుకు నలభై ఎనిమిదేళ్ల ఆడది పెదాలు కదపడం తేలికేమీ కాదు. పాట ఎప్పుడు మొదలైందో ఆమెకు తెలియాలి కదా. చెల్లెలు వేదిక కిందనుంచి వేళ్లతో మూడు, రెండు, ఒకటి అని చూపించేది. అక్కణ్ణుంచి ఆమె లోపల లెక్కపెట్టుకుంటూ పోయేది. ఒక్క అక్షరం తప్పేది కాదు.

అలా ఒక మధ్యాహ్నం, కొత్తగా కట్టిన బస్టాండు ప్రారంభానికి తీసుకెళ్లారు. బస్సు పాట కదా, వాళ్లకు అది బాగా కుదిరిందనిపించింది. ఎండగా ఉంది. జనం నాలుగైదు వందలుంటారు, సగంమంది బస్సుకోసం వచ్చినవాళ్లే. చెల్లెలు వేళ్లు చూపించింది. రికార్డింగు మొదలైంది. పిచ్చుక రెండు చరణాలు సరిగ్గా నడిపింది. చివరి చరణానికి ముందు, ఆ "వే" దగ్గర, కరెంటు పోయింది.

స్పీకర్లు టప్పున ఆగాయి. ఆ నిశ్శబ్దంలో పిచ్చుక తల వెనక్కి వాల్చి, కళ్లు మూసుకుని, నోరు పూర్తిగా తెరిచి, తొమ్మిది లెక్కపెట్టేంతసేపూ ఆ స్వరం మీద నిలబడింది. శబ్దం లేదు. దూరంగా ఒక బస్సు వెనక్కి తిరుగుతున్న చప్పుడు, ఎవరిదో పసిబిడ్డ ఏడుపు. ఎవరో కిసుక్కున నవ్వారు. చెల్లెలు మెట్లవైపు పరుగెత్తింది. అయిదు మెట్లు. ఆ అయిదు మెట్లు ఎక్కేసరికి ఆమె తల ప్రాణం తోకకొచ్చింది.

పిచ్చుక కళ్లు తెరిచి, జనం మొహాలు చూసి, తర్వాత చెల్లెలి మొహం చూసింది. అర్థమైంది. చెల్లెలు ఆమె మోచెయ్యి పట్టుకుని కిందికి తీసుకెళ్లబోయింది. అక్క ఆ చెయ్యి విడిపించుకుంది. పనిచేయని మైకును కింద పెట్టి, రెండడుగులు ముందుకేసి, చివరి చరణం తన గొంతుతో తానే పాడింది. ఆ "వే" కూడా పాడింది. పాట అయ్యేదాకా జనం కదల్లేదు. అయ్యాక కొందరు చప్పట్లు కొట్టారు, కొందరు కొట్టలేదు. ఒక ముసలామె మాత్రం కొంగు నోటికడ్డం పెట్టుకుని అక్కణ్ణుంచి వెళ్లిపోయింది.

కారులో పిచ్చుక ముందు మంచినీళ్లు తాగింది. చెవి మిషన్లు పెట్టుకోలేదు. చెల్లెలివైపు తిరిగి, "ఎలా ఉంది?" అని అడిగింది.

చెల్లెలికి అబద్ధం నోటిదాకా వచ్చింది. ఇన్నేళ్లూ చెప్పిన ముక్కే అది. కానీ అక్క మొహంలో ఆ రోజు ఏముందో, ఆమె దాన్ని మింగేసింది. "శ్రుతి తప్పావక్కా" అంది, గొంతు తగ్గించి.

"ఏంటి?"

"శ్రుతి తప్పింది."

పిచ్చుక ఆమె పెదాల వంక వంగి చూసింది. కారు ఊగుతుండటంతో అందలేదు. "గట్టిగా చెప్పవే, వినబడట్లేదు" అంది.

చెల్లెలు ఆమె చెవి దగ్గరికి జరిగి, గొంతు చించుకుని అరిచింది. "శ్రుతి పోయిందక్కా. మొదటినుంచీ చివరిదాకా. ఒక్క చోట కూడా కలవలేదు."

డ్రైవరు అద్దంలోంచి చూసి, చూపు తిప్పుకున్నాడు. పిచ్చుక తల ఊపింది. కిటికీ అద్దం దించింది. కాసేపటికి చెల్లెలి చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది. చెల్లెలు ఏడుస్తోంది. ఏడ్చే హక్కు తనకు లేదన్నట్టు చప్పుడు కాకుండా ఏడుస్తోంది. చప్పుడైనా ఒకటే, కాకపోయినా ఒకటే.

అదే ఆమె ఆఖరి కార్యక్రమం. ఇప్పుడు చెల్లెలింట్లో వెనక గదిలో ఉంటోంది. పొద్దున లేచి ఏం చేయాలో నెమ్మదిగా నేర్చుకుంది. కూరలు తరుగుతుంది, మరిది గీసిన బొమ్మలకు వంకలు పెడుతుంది, పూలకుండీలకు నీళ్లు పోస్తుంది. పిలుపులు అప్పుడప్పుడూ వస్తూనే ఉన్నాయి. ఒంట్లో బాగోలేదని చెల్లెలు చెబుతుంది. ఆ సంగతి అక్కతో అనదు.

మొన్నొక ఉదయం కింద వాటాలో అద్దెకుండే ఆయన మెట్లెక్కి వచ్చాడు. చాలా మర్యాదస్తుడు. చెప్పులు విప్పి, చేతులు కట్టుకుని, ఎలా మొదలుపెట్టాలో తెలియక నీళ్లు నమిలాడు. వాళ్లమ్మకు ఆపరేషన్ అయిందనీ, పగలు కాస్త నిద్రపోవాలన్నారనీ, ఏమీ అనుకోవద్దనీ, మీ అక్కగారు వంటింట్లో ఉన్నంతసేపూ పాడుతూనే ఉంటారనీ అన్నాడు. చెల్లెలు చూస్తానంది. ఆయన దిగిపోయాక వంటింటి గుమ్మం దగ్గరకు వెళ్లింది.

పిచ్చుక ఇటు వీపు తిప్పి గిన్నెలు కడుగుతోంది. గట్టిగా పాడుతోంది, ఏ పాటో పోల్చుకోవడానికి వీల్లేనంతగా రాగం చెదిరిపోయింది. పాడుతున్నట్టు ఆమెకు తెలుసో, మనసులోనే అనుకుంటున్నానని భ్రమపడుతోందో చెల్లెలు చెప్పలేకపోయింది. భుజం తట్టడానికి చెయ్యెత్తింది. దించేసింది. అక్కడే నిలబడి కొంతసేపు వింది. ఆ తర్వాత చప్పుడు చేయకుండా వంటింటి కిటికీ ఒకటి మూసి, రెండోది మూయడానికి అక్క వెనకనుంచి అటువైపు వెళ్లింది.